గుర్రప్పిల్ల వంకర మూతి: కత్తికి ముందు ఊపిరి

జి.మాడుగుల ఎగువన ఒక గూడెంలో, బడి గోడ నీడన, ఒక గుర్రప్పిల్లను చూశాను. పుట్టి మూడు వారాలు. పక్క నుంచి చూస్తే అన్ని పిల్లల్లాగే ఉంది. ఎదురుగా నిలబడితే తెలిసింది: కళ్ళ దగ్గర తిన్నగా బయల్దేరిన ముఖం పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎడమకు తిరిగిపోయింది. కింది దవడ మాత్రం చోటు తప్పలేదు. అందుకని పై పళ్ళు కింది పళ్ళ మీద కూర్చోవు, నాలుక ఒక పక్కగా బయటికి జారుతుంది. తల్లి పొదుగు కింద దూరినప్పుడల్లా సగం పాలు నోట్లోకి, సగం నేల మీదికి. ఊపిరి పీలిస్తే సన్నగా ఈల.

"గ్రహణం పట్టేసింది బాబూ. కడుపుతో ఉన్నప్పుడు తల్లిని ఆరుబయట కట్టేసినాం" అన్నాడు దాని యజమాని. మనుషుల్లో చీలిన పెదవిని గ్రహణం మొర్రి అంటాం కదా, ఆ లెక్కే ఇదీ. కాసేపాగి, "కోసి సరిసేత్తారా బాబూ?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకు చదువుకున్నవాళ్ళ దగ్గర రెండు జవాబులు ఉన్నాయి. పశువైద్య సభల్లో వేదిక మీద వినిపించేది ఒకటి: శాలిహోత్రుడి కాలానికే మనకు గుర్రాల శస్త్రచికిత్స ఉంది, సుశ్రుతుడు ముక్కులు అతికించిన దేశంలో గుర్రం ముక్కు ఒక లెక్కా అని. రెండోది పాశ్చాత్య పత్రికల సమీక్షా వ్యాసాల్లోది: ఈ చికిత్స 1978లో అమెరికాలో పుట్టింది, 2004లో ఒక మెట్టు ఎక్కింది, 2008లో స్థిరపడింది అని. మొదటి కథ లేనిదాన్ని కలుపుతుంది. రెండోది ఉన్నదాన్ని వదిలేస్తుంది. నాకు రెండింటితోనూ పేచీ ఉంది. రెండో దానితోనే ఎక్కువ, ఎందుకంటే అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి కూర్చుంది.

ముందు జబ్బుల సంగతి. మూతి పక్కకు తిరిగితే వంకర మూతి. కింది దవడ వెనకబడి పై పళ్ళు ముందుకు వాలితే చిలక మూతి, ఇంగ్లిషువాళ్ళూ దానికి చిలక పేరే పెట్టారు. అంగిలి చీలి పుడితే తాగిన పాలు ముక్కుల్లోంచి కారతాయి, ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. వంకర మూతికి కారణం గర్భసంచిలో పిల్ల ఇరుకుగా ముడుచుకుని పడుకోవడమని కొందరు, వంశంలో వచ్చేదని కొందరు అంటారు. అరబ్బీ జాతిలో ఎక్కువని ఒక నానుడి కూడా ఉంది. ఏ ఒక్కదానికీ గట్టి రుజువు రాలేదు. కొద్దిగా వంగిన మూతులు పెరిగేకొద్దీ వాటంతట అవే సర్దుకుంటాయి. బాగా వంగినవి, దాదాపు 90 డిగ్రీలు తిరిగిపోయినవి, పాలు కుడవలేక, ఊపిరాడక పోతాయి. శస్త్రచికిత్స కథ అంతా ఈ రెండు కొసల మధ్య మిగిలిన కొద్దిపాటి పిల్లల కథ.

ప్రాచీన కాలాన్ని త్వరగా దాటేద్దాం, అక్కడ మన పని తక్కువ. నకులుడి పేరిట ఉన్న అశ్వశాస్త్రాన్ని తంజావూరు సరస్వతీ మహల్ వారు 1952లో అచ్చువేశారు. జయదత్తుడి అశ్వవైద్యకం అంతకు చాలా ముందే, 1880ల్లో, కలకత్తాలో అచ్చయింది. తెలుగులో మనుమంచి భట్టు పద్యాల్లో చెప్పిన హయలక్షణ విలాసం ఉంది. ఈ సంప్రదాయంలో సుడులున్నాయి, రంగులున్నాయి, పళ్ళు చూసి వయసు కట్టే లెక్కలున్నాయి. ముక్కులో మందు పోసే నస్యం ఉంది, నెత్తురు తీయడం ఉంది. పై దవడ ఎముకను కోసి మూతిని తిప్పమని చెప్పే శ్లోకాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ చూపలేదు. లక్షణ గ్రంథాలు ప్రధానంగా కొనేవాడి కోసం రాసినవి. కొనేవాడు లోపాన్ని వెతికేది బేరం మానుకోవడానికి, బాగుచేయడానికి కాదు.

ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. దక్షిణాదికి మేలు గుర్రాలు సముద్రం మీద వచ్చేవి. విజయనగరం రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంకెను నమ్మినా నమ్మకపోయినా, ఓడెక్కి వచ్చినవి పెరిగిన గుర్రాలు. మూతి వంకర పిల్ల, గుర్రాలు ఓడెక్కే హోర్ముజ్ రేవు దాకా బతికి రాదు. అంటే ఈ జబ్బును చూసే అవకాశమే మన గుర్రపు వైద్యులకు చాలా తక్కువ. ఇక్కడివాళ్ళకు గుర్రాన్ని సాకడమే రాదు, అందుకే కొన్నవన్నీ ఏడాది తిరక్కుండా చస్తున్నాయని మార్కో పోలో ఎద్దేవా చేశాడు. ఆయన మాటను పట్టుకుని మనవాళ్ళను తీసిపారేయడం ఎంత తప్పో, దానికి ఉక్రోషపడి లేని శస్త్రచికిత్సను అంటగట్టడం అంతే తప్పు. పిల్లలు పుట్టే చోటే పిల్లల వైద్యం పుడుతుంది.

సుశ్రుతుడి వాదాన్ని కాస్త మర్యాదగానే ఎదుర్కోవాలి, దాని వెనక నిజమైన ఘనత ఉంది కనుక. మైసూరు యుద్ధంలో ఇంగ్లిషు సైన్యం ఎడ్లబండి తోలిన కవాస్జీ ముక్కును టిప్పు మనుషులు కోసేశారు. పుణె ప్రాంతపు వైద్యుడొకడు నుదుటి చర్మాన్ని తిప్పి అతనికి కొత్త ముక్కు చేశాడు. ఆ వార్త 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా వచ్చింది. అది చదివి కార్ప్యూ అనే సర్జన్ 1814లో అక్కడ అదే పద్ధతి చేసి చూపాడు. ఇదంతా నిజం. కానీ అది చర్మం పని. వంకర మూతి ఎముక పని. పైగా కవాస్జీ ఆ నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకోగలడు, ముక్కు మూసుకుపోతే నోటితో ఊపిరి పీల్చగలడు. గుర్రం పీల్చలేదు.

నా వాదానికి ఇరుసు ఇదే. గుర్రానికి ఊపిరి ముక్కుతోనే. దాని గొంతు నిర్మాణం అలాంటిది. కుక్క రొప్పినట్టు, ఆవు నోరు తెరిచినట్టు గుర్రం నోటితో గాలి పీల్చుకోలేదు. దాని ముక్కు దూలాన్ని కోస్తే నెత్తురు ధారకడుతుంది, నెత్తురు ఆపడానికి గుడ్డ కుక్కితే ఊపిరి ఆగుతుంది. కాబట్టి గుర్రం మూతి మీద కత్తి పెట్టాలంటే ముందు మెడ మీద గాలి గొట్టానికి వేరే దారి తెరవాలి. దాన్ని గంటల తరబడి కదలకుండా పడుకోబెట్టాలి. ఆ తర్వాత లేపి, నిలబెట్టి, పాలు తాగించాలి. ఇవన్నీ కుదిరాకే ఎవరు ముందు కోశారన్న ప్రశ్న. సమీక్షకులు ఆ చివరి ప్రశ్నతో మొదలుపెడతారు.

మెడలో గొట్టం పెట్టడం 19వ శతాబ్దపు యూరప్‌కు బాగానే తెలుసు. గొంతులో గురక పెట్టే గుర్రాలకు లోహపు గొట్టం అమర్చి బండికి కట్టిన రోజులున్నాయి. 1847లో క్లోరోఫాం వచ్చింది, త్వరలోనే గుర్రాల మీదా వాడారు. ఇంగ్లండులో హాబ్డే అనే పశువైద్యుడు 20వ శతాబ్దపు తొలి దశకాల్లో గురక గుర్రాల గొంతుకు చేసిన ఆపరేషన్ ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆయన పేరే ఆ పనికి క్రియాపదమైంది. అంటే గొట్టం ఉంది, మత్తు ఉంది, చెయ్యి తిరిగిన సర్జన్లున్నారు. మరి మూతి జోలికి ఎవరూ ఎందుకు పోలేదు?

ధర చాలక అని తేలికగా చెప్పేస్తుంటారు. గుర్రం ఖరీదు పెరిగాకే ఖరీదైన ఆపరేషన్ వచ్చిందట. నేనొప్పుకోను. పందెపు గుర్రాల మీద రాజ్యాలంత సొమ్ము 18వ శతాబ్దం నుంచే పారింది. మన హైదరాబాదులోనూ నిజాం కాలంలోనే పందేలు సాగాయి. డబ్బు ఉన్నంతకాలమూ వంకర మూతి పిల్లను కాల్చేశారు తప్ప కోయలేదు. కంపెనీవాళ్ళు 19వ శతాబ్దపు తొలి పాదంలో హోసూరులో సైన్యానికి గుర్రాల పెంపకం పెట్టారు. తెలుగు మాట వినిపించే ఊరే అది, పిల్లలు పుట్టిన చోటు కూడా. కానీ సైన్యానికి లోపమున్న గుర్రమంటే జాబితాలోంచి కొట్టివేసే గుర్రమే. ధర అవసరాన్ని పెంచుతుంది, దారి చూపదు.

ఎముకలకు పలకలూ మేకులూ బిగించే విద్య వచ్చాకే ఇది సాధ్యమైందన్నది రెండో వాదం. ఇందులో కొంత సత్యముంది. ప్రపంచ యుద్ధాల్లో పగిలిన దవడలను అతికించి మనుషుల సర్జన్లు చాలా నేర్చుకున్నారు. 1958లో స్విట్జర్లాండులో ఏర్పడ్డ ఏఓ బృందం పలకల బిగింపును శాస్త్రంగా మలిచింది. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే సర్జన్ ఎముకను కోసి, రోజుకింత చొప్పున మెల్లగా జరిపి, మధ్యలో కొత్త ఎముకను పెంచాడు. కానీ 1978లో టెక్సాస్ వైద్యులు ఒక మగ గుర్రప్పిల్లకు చేశామని ప్రకటించిన ఆపరేషన్ ఈ కొత్త హంగులేమీ లేకుండానే జరిగింది. దవడను కోసి, తిన్నగా తిప్పి, ఉక్కు కడ్డీలతో నిలబెట్టారు. అలాంటి కడ్డీలు అప్పటికి అర్ధశతాబ్దంగా ఉన్నవే.

నా దృష్టిలో గీత గీసింది హాలోథేన్. 1951లో తయారై 1956లో మనుషుల మీద వాడకంలోకి వచ్చిన ఈ మత్తుమందు ఆ దశాబ్దం ముగిసేలోపే గుర్రాలకూ చేరింది. క్లోరోఫాం గుండెను ఆపేది, కాలేయాన్ని చెడగొట్టేది. మోతాదు చేతిలో ఉండేది కాదు. హాలోథేన్‌తో, తర్వాత జైలజీన్, కీటమిన్ లాంటి సూది మందులతో, రెండు మూడు గంటలు గుర్రాన్ని ఒకే లోతులో నిద్రపుచ్చడం కుదిరింది. గొంతు ఆపరేషన్ నిమిషాల పని. మూతి ఆపరేషన్ గంటల పని. తేడా అదే.

దీనికి రెండు మినహాయింపులు నేనే చెప్పాలి. హాలోథేన్ వచ్చాక ఇరవై ఏళ్ళు ఆగాల్సిన పనేమిటని అడగొచ్చు. మత్తు దొరకగానే సర్జన్లు ముందు కడుపునొప్పుల మీదా, విరిగిన కాళ్ళ మీదా పడ్డారు, రోజూ చచ్చేవి అవే కనుక. వంకర మూతి అరుదు, అందులో కోయదగినవి ఇంకా అరుదు. రెండోది, మత్తు వల్ల ప్రమాదం పోలేదు. 2002లో వెలువడిన పెద్ద అధ్యయనం నలభై వేలకు పైగా గుర్రాలను లెక్కించింది. కడుపునొప్పి కేసులు తీసేసినా మత్తు ఇచ్చిన ప్రతి వందలో దాదాపు ఒకటి చనిపోయింది. పడుకున్నప్పుడు సొంత బరువు కిందే కండ నలుగుతుంది. మెలకువ రాగానే బెదిరి లేవబోయి కాలు విరగ్గొట్టుకుంటుంది. పిల్లలు తేలిక కనుక ఈ గండం కొంత తక్కువ. వంకర మూతిని పెద్దయ్యాక కాకుండా కొన్ని నెలల వయసులో కోయడానికి ఎముక మెత్తదనం ఒక కారణమైతే ఇది రెండోది.

ధనుర్వాతాన్ని కూడా మరిచిపోకూడదు. గుర్రానికి అది ఇట్టే అంటుకుంటుంది, చిన్న గాయం చాలు. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కితసాతో అనే ఇద్దరు కనిపెట్టిన విరుగుడు సీరం వచ్చేదాకా నోటి దగ్గర తెరిచిన గాయమంటే చావుతో బేరమే. ఆ సీరాన్ని తర్వాత దశాబ్దాల పాటు గుర్రాల నెత్తురు నుంచే తీశారు. ఈనాటికీ ఏజెన్సీ ఆసుపత్రుల్లో పాము కాటుకు ఎక్కించే మందు గుర్రం నెత్తురు నుంచి తీసిందే. మన్యంలో గుర్రం మోసే బరువుల్లో దీన్ని ఎవరూ లెక్కపెట్టరు.

1978 తర్వాతి కథ చిన్నది. మెడ గొట్టం ద్వారా మత్తు ఇస్తారు. కొరుకుడు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య, కళ్ళెం కూర్చునే ఖాళీ చోట, పై దవడను అడ్డంగా కోస్తారు. ముక్కు ఎముకలను విడదీసి, మెలితిరిగిన దూలాన్ని తీసేస్తారు. మూతిని తిప్పితే ఒంపు లోపలి వైపు సందు పడుతుంది. ఆ సందులో దాని పక్కటెముక ముక్కనే పేర్చి, కడ్డీలో పలకలో బిగిస్తారు. కొందరు దీన్ని రెండు విడతలుగా చేస్తారు. 2004లో స్పెయిన్ వైద్యులు ఇలిజరోవ్ మార్గంలో మెల్లగా జరిపి సరిచేసిన ఒక గుర్రాన్ని ప్రకటించారు. న్యూయార్క్ సర్జన్ మెకార్తీ 1992లోనే మనుషుల పిల్లల దవడలకు ఆ మార్గాన్ని ప్రకటించి ఉన్నాడు. 2008లో షూమాకర్ బృందం నాలుగు గుర్రాల ఫలితాలు వెలువరించింది. ముప్పై ఏళ్ళకు ఒకటి, ఒకటి, నాలుగు: పద్ధతి స్థిరపడిందని చెప్పడానికి ఇవి చాలవు. బాగుపడ్డవే అచ్చవుతాయి, బల్ల మీద పోయినవి అచ్చుకావు. అంగిలి చీలిక సంగతి మరీ నిరాశ. కింది దవడను ముందు నుంచి రెండుగా చీల్చి లోపలికి దారి చేసుకుని కుట్లు వేస్తారు. ఆ కుట్లు తరచూ విడిపోతాయి.

చిలక మూతి దారి వేరు. అక్కడ ఎముక కోత లేదు. పై కొరుకుడు పళ్ళ నుంచి దవడ పళ్ళకు తీగ బిగించి పై దవడ పెరుగుదలను ఆపితే కింది దవడ వచ్చి అందుకుంటుంది. మొదటి ఆరు నెలల్లోనే చేయాలి. ఇది బాగా పనిచేస్తుంది, నా అభ్యంతరమూ ఇక్కడే. వంశంలో దిగే లోపాన్ని తీగతో దాచి, ప్రదర్శనలో నిలబెట్టి, ఎదకు వాడితే ఆ లోపాన్ని పెంచినట్టే. అమెరికన్ క్వార్టర్ హార్స్ సంఘం చిలక మూతిని నమోదు పత్రంలోనే రాస్తుంది. వారసత్వ లోపాన్ని కప్పిపుచ్చే శస్త్రచికిత్స తగదని అక్కడి పశువైద్యుల సంఘమూ చెప్పింది. చెప్పినంత మాత్రాన సంతలో పాటిస్తారని నేననుకోను.

ఇక మన కొండలకు వద్దాం. పాడేరు, చింతపల్లి, పెదబయలు వైపు కొండ మీది గూడేలకు గుర్రం ఇంకా బండీ, లారీ, ఒక్కోసారి అంబులెన్సు కూడా. మిరియాలు, పసుపు, కాఫీ బస్తాలు దిగేది దాని వీపు మీదే, ఉప్పూ రేషన్ బియ్యమూ ఎక్కేదీ దాని వీపు మీదే. దేశం మొత్తం మీద గుర్రాలు, టట్టువులు కలిపి 2012 పశుగణనలో 6.25 లక్షలుంటే 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. గుర్రాల మీద పరిశోధనకు హిసార్‌లో 1985 నుంచి జాతీయ కేంద్రం ఉంది. మన రాష్ట్రంలో పశువైద్య కళాశాలలు తిరుపతిలో, గన్నవరంలో, దగ్గరగా గరివిడిలో ఉన్నాయి. 2022 నుంచి 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. మంచి ఏర్పాటే. కానీ తారు రోడ్డు ఆగే చోట ఆ బండి ఆగుతుంది, గుర్రం పని మొదలయ్యేదే అక్కడ. అరకులో పర్యాటకుల పిల్లలను ఎక్కించుకుని ఫొటోలకు నిలబడే గుర్రానికి ఉన్న సదుపాయం బస్తాలు మోసే గుర్రానికి లేదు.

అయినా ఆ గూడెం మనిషి అడిగిన ఆపరేషన్ ఇక్కడ లేదని నేను వాపోను. అతని పిల్లకు అది అవసరం లేదు. వంపు పదిహేను డిగ్రీలు దాటదు. నిలబడ్డప్పుడు రెండు ముక్కుల్లోనూ గాలి ఆడుతోంది, అరచెయ్యి అడ్డుపెట్టి చూశాను. కావలసింది పాలు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల మొదటి వారాల్లో రోజుకు తన బరువులో నాలుగో వంతుకు దగ్గరగా పాలు తాగుతుంది. పాతిక కిలోల కొండ గుర్రప్పిల్లకైతే ఐదారు లీటర్లు. కుడుస్తూ సగం పారబోస్తుంటే ఆ సగాన్ని పితికి గిన్నెలో పట్టాలి. "గుర్రానికి పాలు పితుకుతారా బాబూ!" అని అతని కోడలు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు పొద్దున ఇత్తడి చెంబుతో పితికిందీ ఆమే. పిల్ల మొదట తుమ్మింది, తర్వాత చెంబులో మూతి పెట్టింది. పళ్ళు పూర్తిగా వచ్చాక ఆరు నెలలకోసారి ఆకురాయితో అరగదీయాలి. లేకపోతే తాకిడి లేని పన్ను పెరిగి ఎదుటి చిగురులో దిగుతుంది. దాన్ని ఎదకు వాడొద్దని కూడా చెప్పాను. ఆ మాట అతనికి నచ్చలేదు. గూడేనికి అది ఒక్కటే మగపిల్లట.

గట్టిగా వంగిన పిల్ల పుడితే ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. నా తీర్పు కఠినంగా ఉంటుంది: పాలు మింగలేనిదీ, ఊపిరాడనిదీ అయితే దాన్ని లారీలో కట్టి వందల కిలోమీటర్లు తిప్పడం కన్నా బాధ లేకుండా పోనివ్వడమే దయ. మధ్యరకం పిల్లల కోసమే నిపుణులు కావాలి. అలాంటివి మన కొండల్లో ఏడాదికి ఎన్ని పుడుతున్నాయో లెక్క కట్టకుండా వంశదోషమనో, గ్రహణమనో, పాశ్చాత్య పుస్తకంలోని గర్భసంచి ఇరుకనో అనుకోవడం ఒకే రకం ఊహ.

అందుకని పాడేరు, చింతపల్లి, అరకు వైపు పనిచేసే పశువుల డాక్టర్లకు, గోపాలమిత్రలకు ఒక మనవి. మూతి తిరిగిన గుర్రప్పిల్ల కనిపిస్తే పుట్టిన తేదీ, తల్లి వయసు, ఏ మగ గుర్రానికి పుట్టిందో, పాలు ముక్కులోంచి వస్తున్నాయో లేదో రాసిపెట్టండి. నెలకోసారి ఫొటో తీయండి. పక్క నుంచి కాదు, ఎదురుగా నిలబడి తీయండి.